ములకలపల్లిలో సముద్రం

ములకలపల్లి,
24 జూన్ 2024

సాహితీ,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో గుర్తు చేయకు, నాకే సిగ్గుగా ఉంది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మా బడి దగ్గర సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంకు మెట్లెక్కి, ఒక చేత్తో పైపు పట్టుకుని మాట్లాడాలి. ఇప్పుడు నేను చెప్పబోయే సంగతి అలా వేలాడుతూ చెప్పేది కాదు.

పోయిన వారం ఎనిమిదో తరగతికి ద్రావణాల పాఠం చెబుతున్నాను. సముద్రపు నీళ్లలో లీటరుకు ముప్పై అయిదు గ్రాముల ఉప్పు అని బోర్డు మీద రాశాను. జ్యోత్స్న అని ఒక పిల్ల ఉంది, అడవి అంచు తండా నుంచి వచ్చి హాస్టల్లో చదువుకుంటోంది. చెయ్యెత్తడం తెలియదు, సరాసరి లేచి నిలబడుతుంది. "టీచర్, మీరు సముద్రం చూసిండ్రా?" అంది. "అవ్, చూసిన" అన్నాను. నోరు దానంతటదే అబద్ధమాడేసింది. అంతటితో వదులుతుందా? "గట్లయితే ఎట్లుంటది?" అని అడిగింది. ఇక నేను కళ్లు మూసుకుని మొదలుపెట్టాను చూడు! అలలట, నురగట, హోరట. నలభై మంది పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. గంట కొట్టేదాకా నాకు ఆ పిల్ల మొహంలోకి చూడబుద్ధి కాలేదు.

నేను సముద్రం చూడలేదని తెలిసినదానివి నువ్వొక్కదానివే. డిగ్రీలో మీరంతా వైజాగ్ టూర్‌కి పోతే, నేను టైఫాయిడ్‌తో ఖమ్మం దవాఖానాలో పడి ఉన్నాను కదా. ఆ తర్వాత పెళ్లి, ఉద్యోగం, పిల్లలు. పోదాం పోదాం అనుకుంటూనే నలభై దాటాయి.

అందుకని ఒకటి తీర్మానించుకున్నాను. ఈ పిల్లలకు సముద్రాన్ని ఇక్కడికే తెచ్చి చూపిస్తాను. బూర్గంపాడులో ఒక హోటల్ మూతపడితే అక్కడి నాలుగడుగుల చేపల తొట్టిని మా తమ్ముడు రవికుమార్ ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి ల్యాబులో దించాడు. రెండు వందల లీటర్లు పడతాయి.

ఆ ల్యాబు గది సంగతి కూడా చెప్పాలి. స్టోర్ రూము కారుతోందని మా హెచ్.ఎం. నిర్మలాదేవి మేడం బియ్యం బస్తాలు ల్యాబులో వేయిస్తానంటోంది. "నీ గదిలో ఏముంది ప్రమీలా? నాలుగు బీకర్లు, ఒక ఎముకల బొమ్మ. నా బియ్యం తడిస్తే మూడొందల మంది పిల్లలు పస్తుంటారు. ఏది ముందో నువ్వే చెప్పు" అంది. ఏం చెప్పను? ఆమె మాటలో తప్పు లేదు. బతిమాలితే ఫిబ్రవరి దాకా గడువిచ్చింది. అప్పుడు జిల్లా నుంచి ఆఫీసర్ వస్తాడు. ఆ రోజుకు ఆ గదిలో ఏదైనా నిజమైన పని కనపడితే గది నాది, లేకపోతే బస్తాలది. అప్పటిదాకా బియ్యానికి టార్పాలిన్ కప్పి నెట్టుకొస్తానంది. ఈ బడిలో పిల్లలు చేత్తో ముట్టుకుని చదువుకునే గది అదొక్కటే సాహితీ. దాన్ని పోనివ్వను.

నువ్వు ఇరవై ఏళ్లుగా ఆ సముద్రపు చేపల మధ్యే ఉద్యోగం చేస్తున్నావు. చెప్పు, ఏం చేయాలి? నీళ్లలో ఉప్పు కలిపితే అయిపోతుందా? నీకు దండం పెడతాను, వద్దని మాత్రం రాయకు.

ప్రమీల

*

కాకినాడ,
3 జూలై

ఒసే ప్రమీలా,

వద్దు.

రాయకన్నావు కాబట్టి ముందు అదే రాశాను. ఇక నువ్వు ఎటూ వినవు కాబట్టి మిగతాది రాస్తున్నాను. మాట్లాడితే గిట్ల గట్ల అంటావు, కలం పడితే పాఠ్యపుస్తకం అయిపోతావు. సాహిత్యను ఇంకా సాహితీ అనే పిలుస్తావు. నువ్వేం మారలేదే!

వంటింటి ఉప్పు వేశావంటే నేనే బస్సెక్కి వచ్చి వీపు విమానం మోత మోగిస్తాను. సముద్రమంటే ఒక్క ఉప్పే కాదు. అందులో సున్నం ఉంటుంది, మెగ్నీషియం ఉంటుంది, ఇంకా బోలెడుంటాయి. అవన్నీ కలిపిన ఉప్పు వేరే దొరుకుతుంది. దాన్ని డబ్బాతో బస్సు కార్గోలో పంపాను, భద్రాచలంలో దించుకో. మీ బోరు నీళ్లు వాడకు. ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు ఉంటుందిగా, ఆ క్యాన్లు తెప్పించుకో. డబ్బాలోనే చిన్న దుర్భిణిలాంటిది ఉంది. దాని మీద ఒక్క చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే లోపల గీత కనిపిస్తుంది. ఆ గీత ముప్పై అయిదు దగ్గర నిలవాలి. పగడపు రాళ్లు వేస్తే బాగుంటుందని ఎవరైనా చెబితే వినకు, వాటిని తీయడం నేరం. కాల్చిన మట్టి రాళ్లు, అడుగున పరిచే ఇసుక, నీళ్లు తిప్పే చిన్న మోటారు పంపాను, వాటితో సరిపెట్టుకో.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి ఆరు వారాలు చేప అనే మాట ఎత్తకూడదు. ముందు ఒక పచ్చి రొయ్య తెచ్చి నీళ్లలో వేయి. అది కుళ్లాలి. అవును, కుళ్లనివ్వు. ఆ కుళ్లులోంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది, ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు మెల్లగా ఆ రాళ్లలో కాపురం పెడతాయి. అవి స్థిరపడేదాకా అందులో ఏది వేసినా చస్తుంది. వారానికి రెండుసార్లు అమ్మోనియా పరీక్ష చేసి పిల్లల చేత నోట్‌బుక్కులో రాయించు.

నీళ్లు ఇరవై ఏడు డిగ్రీలు దాటకూడదు. మీ ఊరి ఎండకు అదెలాగని అడుగుతావు. నీళ్ల మీదుగా గాలి వీచేలా ఫ్యాను పెట్టు, చల్లబడతాయి.

ఇక్కడ పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా మొదటి తొట్టి నిలబెట్టలేరు. నీకు ఓపిక ఉంటేనే మొదలుపెట్టు.

సాహిత్య

*

ములకలపల్లి,
11 ఆగస్టు

సాహితీ,

నీ డబ్బా, ఉప్పు, రాళ్లు, దుర్భిణి అన్నీ క్షేమంగా చేరాయి. నీళ్లు నింపాము. గీత సరిగ్గా ముప్పై అయిదు దగ్గర నిలబడితే పిల్లలు ఈలలేశారు. రొయ్యను మాత్రం నేను తేలేదు, వంట చేసే సువర్ణక్కను అడిగాను. ఎందుకో చెప్పగానే నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది టీచరమ్మా, తినే రొయ్యను కుళ్లబెడ్తవా? గదేం సదువమ్మా!" అని వారం రోజులు ముక్కు మూసుకుని ల్యాబు ముందు నుంచి పోయింది. నీ సముద్రం కంపు మాకు బాగా తెలిసింది తల్లీ.

ఇప్పుడు నా ఘనకార్యం విను. ఫ్యాను పెట్టాక నీళ్లు రోజుకు రెండు లీటర్లు తగ్గుతున్నాయి. తగ్గినప్పుడల్లా ఉప్పు నీళ్లు కలిపి పోస్తూ వచ్చాను. సముద్రం తగ్గితే సముద్రమే కదా పోయాలి అనుకున్నాను! మొదటిరోజు గీత చూశాను కదా అని మళ్లీ చూడలేదు. పదిహేను రోజుల తర్వాత తొట్టి అంచున తెల్లగా పేరుకుంటే జ్యోత్స్న గోటితో గీకి చూపించింది. దుర్భిణి పెట్టి చూస్తే నలభై ఒకటి!

నేను తల పట్టుకుని కూర్చుంటే ఆ పిల్ల మెల్లగా అంది: "టీచర్, ఎండకు నీళ్లే మొగులు మీదికి పోతయి, ఉప్పు పోదని మీరే చెప్పిండ్రు గద." మొన్న మార్చిలోనే చెప్పాను. ఏడో తరగతి పాఠం! పదహారేళ్లుగా చెబుతున్న పాఠం! నవ్వాలో ఏడవాలో తెలియక క్లాసులో నేనే పగలబడి నవ్వాను. ఇప్పుడు మంచినీళ్లు మాత్రమే పోస్తూ గీతను మెల్లగా దించుతున్నాము.

ఆ నవ్వులోనే ఇంకొకటి కూడా అనేశాను. "పిల్లలూ, నేను సముద్రం చూడలేదు. ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను. జ్యోత్స్న అంది కదా, "మాకు తెలుసు టీచర్. చూసినోళ్లు గట్ల కండ్లు మూసుకొని చెప్పరు."

చచ్చానే. కానీ నెత్తి మీంచి బండ దించినట్టయింది.

ప్రమీల

*

కాకినాడ,
20 ఆగస్టు

ప్రమీలా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి పడీ పడీ నవ్వితే పక్క సీటావిడ లేచి వచ్చి నీళ్లిచ్చింది. ఆరు వారాలు చేపలొద్దని ఎందుకన్నానో అర్థమైందా? చేపలు లేవు కాబట్టి నీ తప్పుకు ఎవరూ చావలేదు.

పిల్లల ముందు ఒప్పుకున్నావు చూడు, అది మాత్రం నీకే చెల్లింది. నాకైతే గొంతు పెగలదు. గీత రోజూ చూడు. రోజూ!

సాహిత్య

*

ములకలపల్లి,
27 అక్టోబర్

సాహితీ,

బతికే ఉన్నాయి! రెండూ! వారం దాటింది!

నువ్వు పంపిన థర్మాకోల్ పెట్టెను భద్రాచలం బస్టాండులో అందుకుని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. గోదావరి బ్రిడ్జి మీదికి రాగానే బస్సులో అందరూ లేచి కిటికీల్లోంచి పైసలు విసిరి దండం పెట్టారు. నేనెప్పుడూ విసురుతాను, ఈసారి చేతులు ఖాళీ లేవు. పక్కనున్న పెద్దావిడ "పెట్టెల ఏముంది బిడ్డా?" అంది. సముద్రపు చేపలంటే, "సముద్రంల చేపలు గోదారి దాటుతున్నయా!" అని పెట్టెకు కూడా ఒక దండం పెట్టింది.

నువ్వు చెప్పినట్టే సంచి నీళ్లలో తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి రెండు గంటల తర్వాత వదిలాము. నారింజ రంగు, తెల్ల చారలు. మూడొందల మంది వరుస కట్టి చూశారు. సువర్ణక్క ముక్కు మీద చెయ్యి తీసి గాజుకు మొహం ఆనించింది. "కుళ్లిన రొయ్యల నుంచి గిట్లాంటియి పుట్టినయా?" అంటే కాదని చెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు.

ఈ సంగతి తండాలన్నిటికీ పాకింది. ప్రతి నెలా రెండో ఆదివారం తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వస్తారు కదా, ఇప్పుడు ముందు ల్యాబుకే వస్తామంటున్నారట. రానివ్వమని చెప్పాను.

మేడం కూడా వచ్చింది. చాలాసేపు నిలబడి చూసింది. పిల్లల నోట్‌బుక్కు అడిగి పుట పుటా తిప్పింది. నేను లోలోపల ఎగిరి గంతేస్తున్నాను. నోట్‌బుక్కు బల్ల మీద పెట్టి, "ఫిబ్రవరి ఇరవై. గుర్తుందిగా?" అని వెళ్లిపోయింది. ఇంకా నాలుగు నెలలు. నిలబెడతాను, చూస్తూ ఉండు.

ప్రమీల

*

కాకినాడ,
6 నవంబర్

ప్రమీలా,

శభాష్! ఇంత త్వరగా ఈ మాట రాస్తాననుకోలేదు.

ఈ పెట్టెలో రెండు చారల రొయ్యలు, ఆరు నత్తలు ఉన్నాయి. నత్తలు గాజు మీది నాచు తింటాయి, రొయ్యలు మిగిలిపోయిన మేత ఏరుకుంటాయి. ఇవి చేపలకంటే సున్నితం. నీళ్లలో ఏ తేడా వచ్చినా ముందు వీటికే తెలుస్తుంది. వాటి మీద ఒక కన్నేసి ఉంచు. ఈ రొయ్యల్ని మాత్రం కుళ్లబెట్టవద్దని సువర్ణక్కకు చెప్పు.

సాహిత్య

*

ములకలపల్లి,
21 జనవరి 2025

సాహితీ,

రొయ్యలు రెండూ చచ్చిపోయాయి. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి. నత్తలు ఒక్కొక్కటే గాజు మీంచి జారి వెల్లకిలా పడుతున్నాయి. నాలుగు పోయాయి. చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి.

అమ్మోనియా సున్నా. గీత ముప్పై అయిదు. వేడి ఇరవై ఆరు. నోట్‌బుక్కులో అన్నీ బాగున్నాయి, తొట్టిలో చావులు. పిల్లలు నా మొహంలోకి చూస్తున్నారు. జ్యోత్స్న రెండు పూటలుగా అన్నం ముట్టలేదు. ఇంకా సరిగ్గా నెల ఉంది. నాకు భయమేస్తోంది. ఏం తప్పు చేశాను? జల్దీ రాయి.

ప్రమీల

*

కాకినాడ,
25 జనవరి

ప్రమీలా,

ఏడవకు, విను. రొయ్య చచ్చి, నత్త చచ్చి, చేప బతికిందంటే నాకు ఒక్కటే తోస్తుంది. రాగి. మనుషులకు, చేపలకు కొంచెం రాగి ఏమీ చేయదు. రొయ్యలకు, నత్తలకు చుక్కంత చాలు, ప్రాణం తీస్తుంది.

మోటారు వైరు ఎక్కడైనా తెగి లోపలి తీగ నీళ్లకు తగులుతోందేమో చూడు. రాగి బిందెతోగానీ చెంబుతోగానీ ఎవరైనా నీళ్లు పోశారేమో అడుగు. రాగి పరీక్ష చేసే కిట్టు పంపుతున్నాను. అందులో నీళ్లు నీలం రంగుకు తిరిగితే ఇక సందేహం లేదు. అప్పుడు ఇసుక, రాళ్లు, నీళ్లు అన్నీ పారబోయాల్సిందే, వాటికి పట్టిన రాగి వదలదు. చేపల్ని ముందే వేరే టబ్బులోకి మార్చెయ్.

సాహిత్య

*

ములకలపల్లి,
2 ఫిబ్రవరి

సాహితీ,

నీలం వచ్చింది.

వైర్లు బాగానే ఉన్నాయి. ప్లాస్టిక్ బకెట్లు తప్ప ఏదీ వాడలేదు. చివరికి పిల్లలు ఇసుక తవ్వారు. ఒకటి కాదు, రెండు కాదు, గుప్పెడు పైసలు! రూపాయి బిళ్లలు, రెండు రూపాయల బిళ్లలు. రెండో ఆదివారాలు వచ్చిన తల్లిదండ్రులు గోదావరిలో వేసినట్టే వేసి దండం పెట్టుకున్నారు. నేను గది తాళం తీసి ఇచ్చి, బయట హాజరు పట్టీ చూసుకుంటూ కూర్చున్నాను. సముద్రంలో వేయకూడదని ఎవరికి తెలుసు? నేను చెబితే కదా. ఆ రోజు బ్రిడ్జి మీద నా చేతులు ఖాళీగా ఉంటే నేను కూడా గోదావరిలో వేసేదాన్నే కదా!

ఈ కాలం బిళ్లలు ఉక్కువి, వాటితో అంత ప్రమాదం ఉండదు. కానీ అడుగున మూడు రాగి పైసలు దొరికాయి. నడిమిట్ల చిల్లు ఉండే పాతకాలం పైసలు. నీలిగా చిలుము పట్టాయి. మా వైపు తండాల్లో ముసలివాళ్లు దండల్లో గుచ్చుకుంటారు. ఎవరివో తెలిసింది. నీకు కూడా రాయను. అడగకు.

తొట్టంతా పారబోశాము. ఇసుక, రాళ్లు గుంత తవ్వి పూడ్చాము. ఏడు నెలల పని సాయంత్రానికి ఖాళీ గాజు పెట్టె అయింది. చేపలు రెండూ తెల్ల టబ్బులో ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి ఆరు వారాలు కావాలి. నాకు పద్దెనిమిది రోజులున్నాయి.

ప్రమీల

*

కాకినాడ,
8 ఫిబ్రవరి

ప్రమీలా,

అడగను. కానీ ఒక మాట విను. మా దగ్గర బాగా తయారైన పాత రాళ్లు, ఫిల్టరు ఉన్నాయి. పందొమ్మిదిన నేనే కారు వేసుకుని వస్తాను. రాత్రికి రాత్రే కొత్త ఇసుక, ఈ రాళ్లు, నాలుగు రొయ్యలు, పది నత్తలు పెట్టేద్దాం. తెల్లారేసరికి ఆ ఆఫీసరుకు కళ్లు తిరిగే సముద్రం కనిపిస్తుంది. ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. నీ గది నీకుంటుంది.

ఇంకొకటి చెప్పాలి. నీకెప్పుడూ చెప్పలేదు. నా మొదటి తొట్టి, ఉద్యోగంలో చేరిన ఏడు ఇంట్లో పెట్టుకున్నది, తొమ్మిది రోజుల్లో చచ్చింది. నీకు ఆరు వారాలని నీతులు చెప్పాను కదా, నేను నాలుగు రోజులు కూడా ఆగకుండా పదకొండు చేపలు వేశాను. కరెంటు పోయి చచ్చాయని అందరికీ చెప్పాను. మా ఆయనకు ఇప్పటికీ అదే తెలుసు. మళ్లీ ఇంట్లో తొట్టి పెట్టలేదే. నువ్వు నీ తప్పులు వరసగా రాస్తుంటే ప్రతిసారీ ఈ సంగతి గుండెలో కలుక్కుమనేది.

రమ్మంటావా?

సాహిత్య

*

ములకలపల్లి,
13 ఫిబ్రవరి

సాహితీ,

వద్దు.

నీ మనసు నాకు తెలుసు. ఒక రాత్రంతా రమ్మనే అనుకున్నాను, అబద్ధమెందుకు. పొద్దున ల్యాబుకు పోతే పిల్లలు ఖాళీ తొట్టిని తుడుస్తున్నారు. రాగి పైసలు మూడింటినీ అట్టకు అతికించి కింద తేదీలు రాశారు. ఏ రోజు రొయ్య చచ్చింది, ఏ రోజు నత్త చచ్చింది, ఏ రోజు నీలం వచ్చింది, అన్నీ. వాళ్లు అంత నిజాయితీగా రాసుకున్నదాని ముందు నేను కారులో వచ్చిన సముద్రాన్ని ఎలా పెట్టను? పోతే గది పోనీ.

నీ పదకొండు చేపల సంగతి మీ ఆయనకు చెప్పు. నెత్తి మీంచి బండ దిగుతుంది.

ప్రమీల

*

ములకలపల్లి,
10 మార్చి

సాహితీ,

నీ కార్డులు రెండూ అందాయి. జవాబు రాయనందుకు తిట్టావు, బాగానే ఉంది. రాసేందుకు ఒక కొలిక్కి రావాలి కదా.

ఆఫీసర్ ఇరవైన వచ్చాడు. ల్యాబులో ఖాళీ తొట్టి, పక్కన టబ్బులో రెండు చేపలు, బల్ల మీద నోట్‌బుక్కు. "ఇదేనా సముద్రం?" అన్నాడు. మేడం మొహం మాడిపోయింది. నేను ముందే అనుకున్న మాట అన్నాను: నీళ్లలో ఎట్లనో రాగి కలిసింది సార్, నా అజాగ్రత్త. అంతకుముందే జ్యోత్స్నను పక్కకు పిలిచి ఎవరి పేరూ ఎత్తొద్దని చెప్పి ఉంచాను. వింటే అది జ్యోత్స్న ఎందుకవుతుంది? సరాసరి లేచి నిలబడింది.

"ఎట్లనో కాదు సార్, మా అవ్వ ఏసింది" అంది. అవును సాహితీ, ఆ పైసలు వాళ్ల నాయనమ్మ పూలివి. మెడలో దండ తెంపి మూడు ఆదివారాలు మూడు పైసలు వేసింది. "మా అవ్వ రోజు రాగి చెంబుల నీళ్లే తాగుతది. మనుషులకు మంచిది. రొయ్యకు గదే విషం. గిది మా పుస్తకంల లేదు సార్, మేమే కనుక్కున్నం" అని నోట్‌బుక్కు తెరిచి ఒక్కొక్క తేదీ మీద వేలు పెట్టి చదివింది. ఆఫీసర్ కుర్చీ లాక్కుని కూర్చుని చివరిదాకా విన్నాడు. పోతూ పోతూ, "గది సంగతి మీరూ మీరూ చూసుకోండి" అని జీపెక్కాడు.

తర్వాత జ్యోత్స్నను అడిగాను, చెప్పొద్దన్నాను కదా అని. "మీరు సముద్రం చూడలేదని మాకు చెప్పిండ్రు గద టీచర్. నేనెందుకు దాయాలె?" అంది.

మర్నాడు బియ్యం లారీ వచ్చింది. హమాలీలు బస్తా భుజానికెత్తుకుని ల్యాబు వైపు నడుస్తుంటే ఇక అయిపోయిందనుకున్నాను. వరండా చివర నుంచి మేడం కేక వేసింది: "అటు కాదయ్యా, నా రూములో దించండి!" అన్నీ ఆమె గదిలోనే దించారు. నన్ను పిలిచి, "రెండోసారి తొట్టి నింపేది నువ్వు కాదు, పిల్లలు. నువ్వు చెయ్యి పెట్టావో, బస్తాలు అక్కడికే వస్తాయి" అంది. ఇప్పుడు ఆమె బస్తాల మధ్య కూర్చుని సంతకాలు పెడుతోంది. తుమ్మితే చీరంతా తవుడు. నేను లోపలికి పోయినప్పుడల్లా నవ్వు ఆపుకోలేక చస్తున్నాను, ఆమె కూడా కళ్లతో నవ్వుతోంది.

పిల్లలే నింపారు. గీత ముప్పై అయిదు. సువర్ణక్క అడగకముందే రొయ్య తెచ్చి ఇచ్చింది. అది కుళ్లి కరిగిపోయింది. చేపలు ఇంకా టబ్బులోనే ఉన్నాయి, ఇప్పుడు తొట్టిలో ఉప్పు నీళ్లు తప్ప ఏమీ లేవు.

నిన్న రెండో ఆదివారం. పూలి అవ్వ వచ్చింది. ఆమెకు సంగతంతా మనవరాలు చెప్పేసిందట. ఆ పైసలు ఎందుకు వేసిందో నిన్ననే తెలిసింది నాకు. "ఆ మేడం గది గుంజుకుంటదని పిల్ల ఏడ్చింది బిడ్డా. సముద్రానికి మొక్కితే చేపలు సల్లగుంటయని, నెలకొకటి ఏసిన" అంది. ఆ చేపల కోసమే వేసింది సాహితీ! నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. మీ తప్పు కాదవ్వా, చెప్పని తప్పు నాది అన్నాను. ఆమె వినిపించుకోలేదు.

ల్యాబు గడప దగ్గర ఆగిపోయింది. మెడలో మిగిలిన పైసల దండ తీసింది. చేతుల కడియాలు తీసింది. వేళ్ల ఉంగరాలు, పైటకు కుట్టుకున్న బిళ్లల పట్టీ, కాళ్ల కడియాలు, ఒక్కొక్కటే. నేను చెబుతూనే ఉన్నాను, దూరం నుంచి చూస్తే ఏమీ కాదవ్వా, అవన్నీ తీయాల్సిన పని లేదు అని. తలెత్తి నన్ను చూసింది. "నీకు తెల్వదు బిడ్డా. నీళ్లు కనవడితే నా చెయ్యి ఊకుండదు" అంది. అన్నీ మూట కట్టి నా చేతిలో పెట్టింది. మూట చాలా బరువుగా ఉంది.

అప్పుడు గడప దాటి లోపలికి పోయింది. తొట్టిలో చేప లేదు, రొయ్య లేదు, ఉత్త ఉప్పు నీళ్లు. వాటి ముందు నిలబడి ఖాళీ చేతులు రెండూ జోడించింది.

ప్రమీల